గట్టులో గొట్టం

మా చిన్నమ్మాయిని రాజమండ్రిలో ప్లేస్కూల్లో వేశాం. మొదటి నెల కాగానే తల్లిదండ్రుల్ని పిలిచి, పిల్లలేం నేర్చుకుంటున్నారో చూపించారు. ఏసీ గదిలో నీలం రంగు ప్లాస్టిక్ తొట్టి. అందులో జల్లెడ పట్టిన ఇసుక. పక్కన ఇంకో తొట్టిలో నీళ్ళు. బుల్లి గరిటెలు, గరాట్లు, కప్పులు. ఇసుక అంటకుండా పిల్లలందరికీ మెడ నుంచి మోకాళ్ళ దాకా ప్లాస్టిక్ తొడుగులు.

"ఇది శాండ్ అండ్ వాటర్ ప్లే అండి. దీనివల్ల పిల్లలకి కొలతలు, అంకెలు, ఆలోచన, అన్నీ ఆటలోనే వచ్చేస్తాయండి" అంది టీచరమ్మ.

"అయితే నేను పీహెచ్‌డీ చేసినట్టేనండి మేడమ్" అన్నాను. మా ఆవిడ నా కాలు తొక్కింది. ఏడో తరగతిలో బడికి దణ్ణం పెట్టి, నీళ్ళ మోటార్లు విప్పి బిగించుకుంటూ బతికేవాణ్ణి కాబట్టి, ఇలాంటి చోట్లకి వెళ్ళేముందు ఆవిడ నా చేత ఒట్టు వేయించుకుంటుంది. నోరు విప్పనని.

ఇంతలో మా అమ్మాయి తొట్టి మధ్యలో ఇసుకని గట్టులా పేర్చి, ఒకవైపు కప్పుతో నీళ్ళు పోసింది. అవతలి వైపు ఇసుక మొదట నల్లబడింది. తర్వాత మెరిసింది. తర్వాత ఒక్క చుక్క ఊరి, నిలబడి, కిందికి జారింది.

"నాన్నా, చూడు, కారుతోంది!" అంది అది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

టీచరమ్మ ఇంకా ఏదో చెబుతోంది. నేను చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాను. ఆ ఆట నేనూ ఆడాను. నా ఆటలో ఒక పెద్దమనిషి ఉద్యోగం పోయింది.

మా ఊరు పంటకాలువకి దిగువన ఉండేది. గట్టెక్కి నిలబడితే ఒక పక్క నిండు కాలువ, ఇంకో పక్క కిందెక్కడో మా ఇళ్ళ కప్పులు. కాలువలో నీటిమట్టం మా అరుగు కన్నా ఎత్తు. చిన్నతనంలో అది నాకు వింతగా తోచేది కాదు. అన్ని ఊళ్ళలోనూ నీళ్ళు మనుషుల కన్నా పైనే ఉంటాయనుకునేవాణ్ణి. మా మామ్మ మాత్రం రోజూ పొద్దున్నే వాకిట్లో కళ్ళాపి చల్లాక, నడుం మీద చెయ్యి వేసుకుని, గట్టు వంక ఓసారి చూసేది. ఎందుకు చూస్తావే అనడిగితే, "ఉందో లేదో అని" అనేది.

ఎండాకాలంలో రెండు నెలలు కాలువ కట్టేసేవారు. మరమ్మతులకి, పూడిక తీయడానికి. నీళ్ళు లాగేసిన వారానికి కాలువ అడుగున ఇసుక మేటలు తేలేవి. అక్కడక్కడా మోకాలి లోతు మడుగులు. ఎండిన నాచు వాసన, చచ్చిన చేపల వాసన, గుల్లలు విరిగిన వాసన. ఆ ఇసుకే మా బడి. జేబులో ఉప్పూకారం పొట్లం, చేతిలో పచ్చిమామిడికాయ పెట్టుకుని దిగితే మళ్ళీ ఆకలేసేదాకా ఎక్కేవాళ్ళం కాదు.

మేం ముగ్గురం. నేను. సెలవులకి తణుకు నుంచి వచ్చే మా అత్త కొడుకు, నా కన్నా రెండేళ్ళు పెద్ద. అందుకని బావ. మూడోది ఊళ్ళో కిరాణా కొట్టు వాళ్ళమ్మాయి. ఆ పిల్ల దగ్గర ఎప్పుడూ బెల్లం వాసన వచ్చేది. ఆ వాసన కోసమే దాన్ని ఆటలో చేర్చుకున్నామని బావ అనేవాడు. నిజానికి మా ముగ్గురిలో బుర్ర ఉన్నది దానికే.

మా బడికి మేష్టారు లస్కరు గారు. కాలువ గట్లు చూసుకునే ఉద్యోగాన్ని మా వైపు లస్కరు అంటారు. పొడుగాటి మనిషి, ఖాకీ చొక్కా, చంకలో నల్ల గొడుగు, చేతిలో వెదురుకర్ర. లాకుల పక్కన ఆఫీసు వాళ్ళిచ్చిన రెండు గదుల క్వార్టర్లో పెళ్ళాం, ఇద్దరు ఆడపిల్లలతో ఉండేవాడు. రోజూ గట్టు మీద ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచి, ఎక్కడ ఎలక బొక్క ఉంది, ఎక్కడ పీత తొలిచింది, ఎక్కడ గేదెలు దిగి గట్టు కుంగదీశాయి, అన్నీ చూసి పూడ్పించడం ఆయన పని. ఆయన్ని మేం బాబాయ్ గారూ అనేవాళ్ళం. ఆయన మమ్మల్ని ఇంజనీర్లు గారూ అనేవాడు.

నాకు అంకెలు ఆయనే నేర్పాడు. ఒక కర్రకి గీతలు గీసి మడుగులో గుచ్చి, "ఈ పూట ఎంతుంది ఇంజనీరు గారూ?" అనేవాడు. ఊళ్ళో బడిలో మేష్టారు నల్లబల్ల మీద పన్నెండు వేస్తే అది నాకు రెండు పురుగులు పక్కపక్కన కూచున్నట్టు ఉండేది. కర్ర మీద పన్నెండంటే నా మోకాలు. ఇరవై అంటే నడుం. ముప్ఫై అంటే మునిగిపోతాను. అంకెలంటే భయపడాల్సినవని అప్పుడే అర్థమైంది.

వాలు అంటే ఏంటో, నీళ్ళు ఎటు పోతాయో, ఎందుకు పోతాయో ఇసుకలో బుల్లి కాలువలు తీయించి చూపించేవాడు.

"ఇసుక తాగుబోతురా. ఎంత పోసినా తాగేసి, ఆనక తనే జారిపోద్ది. బంకమన్ను పెద్దమనిషి. చుక్క ముట్టదు."

"మరి మీరేంటండీ బాబాయ్ గారూ?" అన్నాను నేను.

"నేనా? ఇసుకేనండి ఇంజనీరు గారూ. పండగపూట మాత్రమే" అని ఆయన నవ్వాడు.

ఆ మాటని నేను ఊరంతా పంచాను. 'లస్కరు బాబాయ్ ఇసుకంట' అని అరుగుల మీద, కొట్టు దగ్గర, మంగలి బల్ల దగ్గర. అందరూ నవ్వారు. పదిమందిని నవ్వించడంలో ఉన్న రుచి నాకు అప్పుడే పట్టుకుంది.

ఇంకో పాఠం కూడా చెప్పాడాయన. ఇసుక గట్టు కట్టించి, ఒకవైపు నీళ్ళు నింపి, అవతలి వైపు వేలు పెట్టించి చెప్పాడు. "తేటనీరు ఊరిందనుకో, గట్టుకి చెమట పట్టిందన్నమాట. కాపలా కాస్తే చాలు. నీటికి రంగు వచ్చిందనుకో, గట్టు లోపల్నుంచి కరిగిపోతోందన్నమాట. అప్పుడింక ఆలోచించకూడదు. పరిగెత్తాలి."

ఆ ఏడు ఎండాకాలం ఆయన మా వైపు రాలేదు. పూడికతీత పని చూడమని కాలువ ఆ చివరికి వేశారు. మా గట్టు, మా ఇసుక, మేమే మిగిలాం.

వరిచేలు తవ్వి చేపల చెరువులు చేయడం మొదలైన రోజులవి. మా పొలాలకి అవతల ఒకాయన అలాగే తవ్విస్తున్నాడు. రాత్రికి రాత్రి గట్టుకి గొట్టం వేసి కాలువ నీళ్ళు దొంగతనంగా చెరువుకి తోడేసుకుంటారని పెద్దవాళ్ళు గుసగుసలాడేవారు. అక్కడ పారేసిన నల్ల గొట్టం ముక్కొకటి బావ ఎత్తుకొచ్చాడు. మా ఇద్దరి పొడుగూ కలిపినంత ఉంది.

"ఉత్తుత్తి తూములు చాలు. ఈసారి నిజం తూము వేద్దాంరా" అన్నాడు.

గేదెలు దిగే రేవు దగ్గర గట్టు బాగా అరిగిపోయి సన్నగా ఉండేది. పశువులపాకలో గునపం, రెండు కొబ్బరిచిప్పలు. పెద్దవాళ్ళు భోంచేసి నడుం వాల్చే వేళ, ఎవరూ గట్టెక్కని ఎండలో, వారం రోజులు తవ్వాం. సాయంత్రం కాగానే తాటాకులు కప్పేసేవాళ్ళం. వాలుని గీతల కర్రతో చూసి మరీ పెట్టాం గొట్టాన్ని. కాలువ వైపు మూతి పైకి, పొలం వైపు మూతి కిందికి.

పూడ్చేటప్పుడు కొట్టు వాళ్ళమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుంది. "గొట్టం చుట్టూ బంకమన్ను కూరాలి. బాబాయ్ గారు చెప్పలా?"

బంకమన్ను కావాలంటే ఊరవతల చెరువు దాకా పోయి మోసుకురావాలి. ఇసుక కాళ్ళ కిందే ఉంది.

"ఇసుకేసి పైన కాస్త మట్టి కప్పితే ఎవడికి తెలుస్తుందే? గట్టుకేమన్నా నోరుందా?" అన్నాను.

అన్నది నేనే. బావ కాదు. బావ నవ్వాడంతే.

కాలువ వదిలిన రోజు నీళ్ళు రావడం చూడటానికి ఊరు ఊరంతా గట్టు మీదే ఉంది. ముందు ఒక బుస వినిపించింది. ఆ తర్వాత ఎండుటాకులు, నురగ, చచ్చిన పాము, చెప్పు ఒకటి. వాటిని నెట్టుకుంటూ ఎర్రటి నీళ్ళు. మా అడుగుల గుర్తులన్నీ ఒక్క నాలుకతో నాకేశాయి. ఎనిమిదో రోజుకి కాలువ నిండి, మా గొట్టంలోంచి పిడికెడు లావు ధార పొలంలో పడింది. ముగ్గురం నోళ్ళు మూసుకుని గెంతులేశాం. వెంటనే భయమేసింది. కొబ్బరిపీచు, పాత గుడ్డ కలిపి పొలం వైపు మూతిలో కుక్కి, మట్టి మెత్తేశాం. బావ తణుకు వెళ్ళిపోయాడు. మా బడులు తెరిచారు. లస్కరు గారు తన క్వార్టర్‌కి తిరిగొచ్చి, నిండు కాలువ గట్టు మీద మళ్ళీ గొడుగేసుకుని తిరగడం మొదలుపెట్టాడు. గొట్టం మూతి నీళ్ళ కింద ఉంది. ఆయనకి కనిపించే దారి లేదు.

నాట్లు పడ్డాక ముసురు పట్టింది. ఒక రోజు, రెండు రోజులు, ఆరు రోజులు. మురుగు కాలువలు లాగడం మానేశాయి. పొలాలేవో, దారులేవో తెలియలేదు. రేడియోలో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం చెబుతుంటే అరుగుల మీద ముసలాళ్ళు తలలూపేవారు. బట్టలు ఆరక ఇల్లంతా తడి కుక్క వాసన. చూరు కింద చుట్టల పొగ కదలకుండా నిలబడేది. ఒక పొద్దున్న మా వంటింటి గడప మీద పీతలు వరసకట్టి ఉన్నాయి. నేను నవ్వాను. మామ్మ నవ్వలేదు.

"గట్లలో ఉండాల్సినవి గడపెక్కాయేంట్రా" అంది, చీపురు పట్టుకుని.

ఆ రోజు బడి నుంచి వస్తూ రేవు వైపు వెళ్ళాను. గట్టుకి పొలం వైపు, గొట్టానికి జానెడు ఎడంగా, మట్టి నల్లబడి ఉంది. చెమటే అనుకున్నాను.

మర్నాడు అక్కడ తేటనీరు సన్నగా జారుతోంది. అరచేత్తో మట్టి మెత్తాను. నా చెయ్యి మణికట్టు దాకా లోపలికి పోయింది. లోపల చల్లగా, మెత్తగా, ఏదో మెల్లగా చప్పరిస్తున్నట్టు ఉంది. చెయ్యి లాక్కుని ఇంటికొచ్చేశాను. చెప్పాలంటే గొట్టం సంగతి చెప్పాలి. ఆ రాత్రి మామ్మ పక్కలో పడుకుని చూరు నీళ్ళ చప్పుడు వింటూ, అది చూరు చప్పుడేనా అని ఎన్నిసార్లు లేచి కూచున్నానో.

మూడో రోజు మధ్యాహ్నం నీళ్ళు టీ రంగులో ఉన్నాయి.

పరిగెత్తాను. లాకుల దాకా ఆగలేదు. లస్కరు గారు అప్పుడే అన్నం ముందు కూచున్నాడు. "బాబాయ్ గారూ, రేవు దగ్గర గట్టు కరిగిపోతోందండి!"

ఆయన ఎందుకు, ఎలా అని అడగలేదు. "రంగొచ్చిందా?" అన్నాడంతే. చెయ్యి కడుక్కోకుండా లేచాడు. గొడుగు కూడా తీసుకోలేదు.

ఆ తర్వాతది నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తు. గట్టు మీద ఈలలు. ఎరువుల బస్తాల్లో మట్టి నింపుతున్న మా నాన్న. వెదురు వాసాలు తెచ్చి గుచ్చుతున్న జనం. రొమ్ము లోతు నీళ్ళలో దిగి, బస్తాల మీద వీపు ఆనించి నిలబడిన లస్కరు గారు. గట్టు సగం వెడల్పున జారి పొలంలో పడింది. మిగతా సగం నిలబడింది. పొద్దు వాలేసరికి ధార ఆగింది.

"ఈడు చూడకపోతే మనందరం ఈపాటికి చెట్ల మీదుండేవాళ్ళం" అని మా పెదనాన్న నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నాడు. ఊరు ఊరంతా నన్ను ముట్టుకుంది. ఎవరో బెల్లం ముక్క నోట్లో పెట్టారు. కొట్టు వాళ్ళమ్మాయి జనం వెనకాల నిలబడి నా వంక చూస్తోంది. నేను దాని వంక చూడలేదు.

రెండు రోజుల తర్వాత వాన తెరిపిచ్చింది. జీపులో పై ఆఫీసరు వచ్చాడు. గట్టు తిరిగి కట్టడానికి జారినచోట తవ్వుతుంటే గొట్టం బయటపడింది.

అందరూ దాన్ని చూశారు. తర్వాత చేపల చెరువు వైపు చూశారు. ఆ తర్వాత లస్కరు గారి వైపు చూశారు.

"నీ గట్టుకి గొట్టం వేస్తే నీకు తెలియదా?" అన్నాడు ఆఫీసరు.

"తెలీదండి. నేను పూడికతీతలో ఉన్నానండి."

"చెరువాయన నీకేం ముట్టజెప్పాడు?"

"అయ్యో బాబూ, ఆయన మొహం కూడా సరిగా ఎరగనండి నేను."

జనంలోంచి ఎవరో అన్నారు. "మందు మనిషేనండీ ఈయన. చిన్నపిల్లలు కూడా చెప్పుకుంటారండి."

ఒకరిద్దరు నవ్వారు. అది నా జోకు.

ఆఫీసరు నన్ను దగ్గరికి పిలిచి వీపు తట్టాడు. "నువ్వేనా చూసింది? నీళ్ళ రంగుని బట్టి ఎలా కనిపెట్టావురా?"

"ఇసుకలో ఆడుకుంటూ నేర్చుకున్నానండి."

"ఎవరు నేర్పారు?"

"బాబాయ్ గారండి" అన్నాను. లస్కరు గారు నా వంక చూసి చిన్నగా తలూపాడు, పాఠం ఒప్పజెప్పిన పిల్లాణ్ణి చూసినట్టు. ఆ క్షణంలో చెప్పేసి ఉంటే అయిపోయేది. నోరు తెరిచాను కూడా. ఆఫీసరు జీపెక్కేశాడు.

ఇంటికెళ్ళేసరికి మామ్మ దిబ్బరొట్టె వేస్తోంది. ఇత్తడి గిన్నె మీద మూత, మూత మీద నిప్పులు, మినప్పిండి అంచులు కాలుతున్న కమ్మటి వాసన. పొయ్యి పక్కన కూచుని అంతా చెప్పేశాను. గునపం, బావ, గొట్టం, ఇసుక. మామ్మ అట్లకాడ పట్టుకున్న చెయ్యి కదపకుండా విన్నది. రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. మామ్మ రొట్టె మాడ్చడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు."

"మరి బాబాయ్ గారో?"

"మీ నాన్నని స్టేషన్‌కి తీసుకెళ్తారురా. గట్టు తవ్వితే కేసు పెడతారు. ఆయనది గవర్నమెంటు ఉద్యోగం. తీసేసినా రేపో మాపో మళ్ళీ ఇస్తారులే." రొట్టె మాడిన వైపు తీసేసి, బాగున్న ముక్క నా చేతిలో పెట్టింది. "తిను."

తిన్నాను. రుచిగానే ఉంది. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

లస్కరు గారిని ఉద్యోగంలోంచి తీసేశారు. క్వార్టర్ ఖాళీ చేయమన్నారు. సామానంతా ఒక ట్రాక్టర్ తొట్టిలోకి సరిపోయింది. రెండు ట్రంకుపెట్టెలు, నవారు మంచం, కుంపటి, పిల్లల పుస్తకాల సంచి. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తొట్టిలో కూచుంది. వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. ఎవరూ పలకరించలేదు. మా ఇంటి ముందుకొచ్చాక ఆయన ట్రాక్టర్ ఆపించి దిగాడు. మామ్మ లోపలికి వెళ్ళిపోయింది. అరుగు దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను.

ఆయన వంగి, నా మొహం దగ్గర మొహం పెట్టి, బడిలో అడిగినట్టే మెల్లగా అడిగాడు. "గొట్టం వాలు ఎటు పెట్టావురా?"

"పొలం వైపండి" అన్నాను.

నోట్లోంచి వచ్చేసింది. పాఠం అడిగితే జవాబు చెప్పడం ఆయనే అలవాటు చేశాడు మరి.

కోప్పడతాడనుకున్నాను. చెంప పగలగొడితే బాగుండుననుకున్నాను.

"సరిగ్గానే పెట్టావు" అన్నాడు. లేచి ట్రాక్టరెక్కాడు.

ఆయన ఎవరికైనా చెబుతాడేమోనని నెలరోజులు జీపు చప్పుడైతే పశువులపాకలో దాక్కున్నాను. జీపు రాలేదు. సామర్లకోట వైపు ఏదో మిల్లులో కాపలా ఉన్నాడని ఒకరు, పెద్దపిల్ల చదువు మానిపించాడని ఒకరు చెప్పారు. మళ్ళీ ఎండాకాలం కాలువ కట్టారు. ఇసుక తేలింది. నేను దిగలేదు.

పెద్దవాణ్ణయ్యాను. మామ్మ పోయింది. నేను కాపాడిన ఊరు నన్ను వదల్లేదు. ఏ శుభకార్యం జరిగినా ఆ కథ చెప్పి నన్ను కొత్తవాళ్ళకి పరిచయం చేసేవారు. కొట్టు వాళ్ళమ్మాయి తమ్ముడి పెళ్ళిలోనూ అంతే. భోజనాల బంతిలో మా పెదనాన్న ఆడపెళ్ళివారికి చెబుతున్నాడు. "మా వాడు ఎనిమిదేళ్ళప్పుడు ఊరు నిలబెట్టాడండి. ఆ దొంగ లస్కరు గొట్టం వేయించి ఊరిని ముంచబోతేనూ."

"ఆ గొట్టం వేసింది నేనండి" అన్నాను.

ఇన్నేళ్ళకి బరువు దిగుతున్నట్టనిపించింది.

"విన్నారాండీ?" అన్నాడు పెదనాన్న. "ఇంకో గరిటె పులిహోర వడ్డిస్తే ధవళేశ్వరం ఆనకట్ట కూడా నేనే కట్టానంటాడండి వీడు!"

బంతి బంతంతా గొల్లుమంది.

"నిజమండీ. గొట్టం చుట్టూ ఇసుక వేసింది నేనే. లస్కరు గారికి ఏ పాపం తెలీదండి."

ఇంకా గట్టిగా నవ్వారు. ఆడపెళ్ళివారాయనకి పొలమారింది. కళ్ళు తుడుచుకుంటూ, "మొహం చూడండి, నవ్వు చుక్కైనా రానివ్వకుండా ఎలా చెబుతున్నాడో! భలే మనిషండీ" అన్నాడు. నా పక్క ఆకులో బావ తల వంచుకుని, ఎప్పుడో కలిపేసిన అన్నాన్ని మళ్ళీ కలుపుతున్నాడు. నెయ్యి వడ్డిస్తున్న కొట్టు వాళ్ళమ్మాయి మా ముందు ఒక్క నిమిషం ఆగి, గిన్నె పట్టుకుని పక్క బంతిలోకి వెళ్ళిపోయింది.

నవ్వులు తగ్గేదాకా ఆగాను. తగ్గాక అందరూ నా వైపే చూస్తున్నారు.

"ఊఁ, ఇంకో జోకు చెప్పరా" అన్నాడు పెదనాన్న.

చెప్పాను.